సౌండ్ కార్డే లేదంటున్న లినక్స్: కింది మెట్టు నుంచి వెతకండి

మీ ప్రశ్నని నాకు అర్థమైనంతలో ముందు చెబుతాను, తప్పుంటే సరిదిద్దండి. చెన్నై వేళచ్చేరిలో మీ నాన్నగారు వాడే డెస్క్‌టాప్. రిచీ స్ట్రీట్‌లో సెకండ్ హ్యాండ్‌లో కొన్నది. ఆరో తరం ఐ5 ప్రాసెసర్, హెచ్110 మదర్‌బోర్డు, దాని మీద రియల్‌టెక్ ఏఎల్‌సీ887 చిప్. 2025 అక్టోబర్ 14తో విండోస్ 10కి మద్దతు ఆగిపోయింది, ఆ ప్రాసెసర్‌ని విండోస్ 11 ఒప్పుకోదు, అందుకని లినక్స్ మింట్ 22 వేశారు. విండోస్‌ని కూడా పక్క పార్టిషన్‌లో ఉంచుకున్నారు. నెట్, ప్రింటర్, తెలుగు టైపింగ్ అన్నీ బాగున్నాయి, సౌండ్ ఒక్కటే లేదు. సెట్టింగ్స్‌లో డమ్మీ అవుట్‌పుట్ అని తప్ప ఇంకేమీ రావడం లేదు. ఏప్లే కమాండ్ కొడితే సౌండ్ కార్డులేవీ దొరకలేదంటోంది. ప్రోగ్రాముల సౌండ్‌ని కార్డుకి చేర్చే పల్స్ ఆడియోని మూడుసార్లు తీసి మళ్లీ వేశారు. ఎక్కడో చూసి ఆల్సా (లినక్స్‌లో సౌండ్ డ్రైవర్లు చూసుకునే భాగం) ఫైల్లో నాలుగు లైన్లు కూడా చేర్చారు. నాన్నగారు పొద్దున ప్రవచనాలు మళ్లీ ఫోన్‌లోనే వింటున్నారు, మీకేమో టెన్షన్.

మాది గూడూరు. చెన్నై వచ్చి ఇరవై ఏళ్లయింది, అప్పటి నుంచి కంప్యూటర్లు బాగుచేయడమే పని. లినక్స్‌లో సౌండ్ రాలేదని వచ్చిన మిషన్లు లెక్కపెట్టలేదు గానీ, వాటి మీద పోగొట్టుకున్న ఆదివారాలు మాత్రం గుర్తున్నాయి. కమాండ్లని నేను ఫోన్‌లో చెప్పే పద్ధతిలోనే, పలికినట్టుగా రాస్తాను. మీరు టెర్మినల్‌లో ఇంగ్లీషు చిన్న అక్షరాల్లో కొట్టండి. హైఫన్ అన్నచోట చిన్న అడ్డగీత, దాని ముందు ఒక ఖాళీ. పేరు మధ్యలో వచ్చే హైఫన్‌కి మాత్రం ఖాళీ వద్దు, అక్కడ చెబుతాను.

ముందుగా, పల్స్ ఆడియోని ముట్టుకోవడం ఆపేయండి. ఏప్లే హైఫన్ ఎల్ అన్న కమాండ్ పల్స్ ఆడియోని గానీ, అదే పని చేసే పైప్‌వైర్‌ని గానీ అడగదు, నేరుగా లినక్స్ గుండెకాయ అయిన కెర్నల్ దగ్గరున్న జాబితా చదువుతుంది. ఆ జాబితాలోనే కార్డు లేనప్పుడు పైనున్న ప్రోగ్రాముల్ని ఎన్నిసార్లు మార్చినా ఏం వస్తుంది? సంపులో నీళ్లు లేకపోతే కుళాయి మార్చి లాభం లేదని చెన్నైలో ఉండేవాళ్లకి వేరే చెప్పక్కర్లేదు. డమ్మీ అవుట్‌పుట్ అంటే అదే. పైప్‌వైర్ బాగానే ఉంది, దానికి పంపడానికి చోటు దొరకలేదు, ఊరుకోకుండా ఒక ఉత్తుత్తి స్పీకర్ తయారుచేసి పెట్టుకుంది.

పైగా మింట్ 22లో మొదటి నుంచీ ఉన్నది పైప్‌వైర్. మీరు దాని మీద పల్స్ ఆడియో తెచ్చి వేశారు కాబట్టి ఇప్పుడు ఒకే పనికి ఇద్దరు కూర్చుని ఉండొచ్చు. దాన్ని ఆఖర్న సరిచేద్దాం. ఇప్పుడే చేస్తే బాగుపడిందో లేదో తెలుసుకునే దారి కూడా ఉండదు.

ఇక సౌండ్ నడిచే దారి. ఇది తెలియకుండా కమాండ్లు కొడితే చీకట్లో తడుముకున్నట్టే. బోర్డు వెనక ఆకుపచ్చ, గులాబి, నీలం రంధ్రాలున్నాయి కదా, వాటికి దగ్గర్లో గోరంత చదరపు చిప్ ఉంటుంది. దాన్ని కోడెక్ అంటారు. అంకెల్ని కరెంటు అలలుగా మార్చేది అదే, మీ ఏఎల్‌సీ887 అదే. అయితే కంప్యూటర్ దానితో నేరుగా మాట్లాడదు. మధ్యలో ఒక కంట్రోలర్ ఉంటుంది, అది చిప్‌సెట్ లోపల ఉంటుంది. ఈ ఇద్దరి మధ్య మాటలు ఎలా నడవాలో 2004లో ఇంటెల్ హెచ్‌డీ ఆడియో అని ఒక పద్ధతి పెట్టింది. అంతకుముందు వాడింది 1997 నాటి ఏసీ97. కంట్రోలర్ పీసీఐ (బోర్డులో పరికరాల్ని ప్రాసెసర్‌తో కలిపే దారి) పరికరం కాబట్టి పీసీఐ జాబితాలో పేరుంటుంది. కోడెక్‌కి ఆ జాబితాలో చోటు లేదు. డ్రైవర్ వచ్చి కంట్రోలర్‌ని నిద్ర లేపాలి, కంట్రోలర్ తీగ మీద ఎవరున్నారని అడగాలి, అప్పుడు కోడెక్ పలకాలి. అది పలికాకే కెర్నల్‌లోని ఆల్సా దాన్ని కార్డుగా నమోదు చేసుకుంటుంది. ఆ కార్డుని పైప్‌వైర్ అందుకుంటుంది. ఆ పైన బ్రౌజర్.

అంటే సౌండ్ కార్డు లేదు అన్న ఒక్క మాట వెనక మూడు వేర్వేరు జబ్బులు ఉండొచ్చు. కంట్రోలరే లేకపోవడం, కంట్రోలర్ ఉండి డ్రైవర్ రాకపోవడం, డ్రైవర్ వచ్చినా కోడెక్ పలకకపోవడం. మూడింటికీ మందులు వేరు. మీ ప్రశ్నలో నాకు కావలసిన సంగతి ఒక్కటే లేదు, ఈ మూడింట్లో మీది ఏదని.

దాన్ని తేల్చేముందు రెండు చిన్న పనులు చేయండి.

మొదటిది కరెంటు పని. విండోస్ ఉన్న మిషన్ అన్నారు కాబట్టి ఇది తప్పకుండా చేయాలి. విండోస్‌లో ఫాస్ట్ స్టార్టప్ అని ఒక సదుపాయం ఉంది. షట్ డౌన్ కొట్టినా అది పూర్తిగా ఆపదు, సగం నిద్రపుచ్చుతుంది. అక్కడి డ్రైవర్ కోడెక్‌ని ఏ స్థితిలో వదిలేసిందో, కొన్నిసార్లు ఆ స్థితిలోనే అది లినక్స్ చేతికొస్తుంది, ఎంత పిలిచినా పలకదు. మిషన్ ఆపేశాం కదా అనుకోకండి. ఆపినా ఎస్ఎంపీఎస్ (పవర్ సప్లై డబ్బా) నుంచి 5 వోల్టుల స్టాండ్‌బై కరెంటు బోర్డుకి వస్తూనే ఉంటుంది. అందుకని మిషన్ ఆపి, గోడ స్విచ్ కట్టేసి, వెనక పవర్ కేబుల్ పీకేయండి. పవర్ బటన్‌ని ఇరవై సెకన్లు నొక్కి పట్టుకోండి. ఒకట్రెండు నిమిషాలాగి కేబుల్ పెట్టి, విండోస్ జోలికి పోకుండా సరాసరి లినక్స్‌లోకి రండి. నవ్వుకోకండి, పడమర మాంబళంలో ఒకాయన మిషన్ ఏడాది పాటు ఇలాగే ఆడించింది. వాళ్లబ్బాయి విండోస్‌లో గేమ్ ఆడిన మర్నాడల్లా ఈయనకి లినక్స్‌లో సౌండ్ ఉండేది కాదు. ఇద్దరికీ ఆ లంకె తట్టలేదు. విండోస్ పవర్ ఆప్షన్స్‌లో ఫాస్ట్ స్టార్టప్ టిక్కు తీసేస్తే సరిపోయింది.

రెండోది, మింట్ వేయడానికి వాడిన పెన్‌డ్రైవ్ ఇంకా ఉంటే దానితో బూట్ చేసి, ఇన్‌స్టాల్ చేయకుండా లైవ్‌లోనే సౌండ్ చూడండి. అక్కడ వస్తే హార్డ్‌వేర్‌కి ఢోకా లేదు, డిస్కులో ఉన్న సిస్టమ్‌లో ఏదో చెడింది. లైవ్‌లో కూడా డమ్మీ అవుట్‌పుటే కనబడితే బయోస్ (మిషన్ ఆన్ కాగానే ముందు నడిచే, బోర్డులోని ప్రోగ్రామ్) వైపో బోర్డు వైపో చూడాలి. పది నిమిషాల పనితో సగం అనుమానాలు తేలిపోతాయి. నేను ఎవరి ఇంటికెళ్లినా ముందు చేసేది ఇదే.

ఇప్పుడు అసలు పరీక్ష. ఎల్‌ఎస్‌పీసీఐ, ఖాళీ, హైఫన్, ఎన్‌ఎన్‌కే అని కొట్టండి. పొడుగాటి జాబితా వస్తుంది. అందులో ఆడియో అన్న మాట ఉన్న లైన్ వెతకండి. మీ బోర్డుకైతే అది 00:1ఎఫ్.3 అన్న చిరునామాతో మొదలై, ఇంటెల్ 100 సిరీస్ హెచ్‌డీ ఆడియో కంట్రోలర్ అని ఉండాలి. దాని కింద కాస్త లోపలికి జరిగి, వాడుకలో ఉన్న కెర్నల్ డ్రైవర్ ఏదో చెప్పే లైను ఒకటి, పనికొచ్చే మాడ్యూళ్ల (కెర్నల్‌కి తగిలించే డ్రైవర్ ఫైళ్ల) పేర్లతో ఇంకొకటి ఉండాలి. డ్రైవర్ పేరు ఎస్‌ఎన్‌డీ, హెచ్‌డీఏ, ఇంటెల్ అని మూడు ముక్కలు, మధ్యలో అండర్‌స్కోర్లు. పేరులో ఇంటెల్ ఉందని ఏఎండీ బోర్డు వాళ్లు కంగారు పడొద్దు, ఏఎండీ బోర్డుల్నీ ఎన్విడియా కార్డుల్లోని హెచ్‌డీఎంఐ సౌండ్‌నీ నడిపేది కూడా ఇదే డ్రైవర్.

ఆ ఆడియో లైనే లేదనుకోండి. అప్పుడు లినక్స్ తప్పేమీ లేదు, ఏ కమాండూ పనిచేయదు. నూటికి తొంభై పాళ్లు బయోస్‌లో ఆన్‌బోర్డ్ ఆడియోని ఎవరో ఆపేసి ఉంటారు. మీది సెకండ్ హ్యాండ్ అన్నప్పుడే నాకు దీని మీద అనుమానం వచ్చింది. రిచీ స్ట్రీట్‌కొచ్చే పాత డెస్క్‌టాపుల్లో చాలావరకు ఆఫీసుల నుంచి లాట్లుగా దిగినవే. ఆఫీసుల్లో సిస్టమ్ అడ్మిన్లు సౌండ్, యూఎస్‌బీ లాంటివి బయోస్‌లోనే కట్టేసి పెడతారు. అమ్మేవాడు డిస్కు తుడుస్తాడు గానీ బయోస్ తెరిచి చూసే తీరిక వాడికెక్కడిది? ఒకసారి ఒక బడి కంప్యూటర్ ల్యాబ్‌లో పన్నెండు మిషన్లకి సౌండ్ లేదని పిలిచారు. నేను మొదటి దానికి మింట్ మొత్తం మళ్లీ వేసి, కెర్నల్ మార్చి, సాయంత్రం దాకా కూర్చున్నాను. ఇంటికెళ్లే ముందు అక్కడి అటెండరు తాపీగా చెప్పాడు, పిల్లలు పాటలు పెడుతున్నారని పాత టీచరు అన్నిట్లోనూ సౌండ్ ఆపించేశారని. పన్నెండు బయోసుల్లో మార్చడానికి పట్టింది అరగంట.

మిషన్ ఆన్ అవుతుండగా డిలీట్ గానీ ఎఫ్2 గానీ వరసగా నొక్కితే బయోస్ తెరుచుకుంటుంది. అడ్వాన్స్‌డ్ అన్న పేజీలో ఆన్‌బోర్డ్ డివైసెస్ అనో, పెరిఫెరల్స్ అనో, చిప్‌సెట్ అనో ఉంటుంది, కంపెనీని బట్టి పేరు మారుతుంది. దాన్లో హెచ్‌డీ ఆడియో కంట్రోలర్ అన్నది ఎనేబుల్డ్‌లో ఉండాలి. ఆటో అని ఉంటే దాన్ని కూడా ఎనేబుల్డ్‌కి మార్చండి. కొన్ని బోర్డులు ఆటోలో ఉన్నప్పుడు వేరే సౌండ్ కార్డు గుచ్చితే ఆన్‌బోర్డ్‌ని తమంతట తామే ఆపేస్తాయి. ఆ పేజీలోనే ఫ్రంట్ ప్యానెల్ టైప్ అని ఒకటి కనబడితే అది హెచ్‌డీలో ఉందో ఏసీ97లో ఉందో రాసిపెట్టుకోండి, తర్వాత దానితో పనుంది. బయోస్‌కి పాస్‌వర్డ్ ఉంటే, అసెంబుల్డ్ బోర్డు అయితే, కేబుల్ పీకి సీఆర్2032 బ్యాటరీని పది నిమిషాలు బయట ఉంచండి. ఎక్కువ బోర్డుల్లో పోతుంది. బ్రాండెడ్ ఆఫీసు మిషన్లలో పాస్‌వర్డ్ అలా పోకపోవచ్చు, వాటికి బోర్డు మీద వేరే జంపర్ ఉంటుంది.

కొత్త బోర్డుల వాళ్లు కూడా ఇది చదువుతుంటారు కాబట్టి ఒక్క మాట. ఏఎల్‌సీ4080, 4082 చిప్పులున్న బోర్డుల్లో ఆన్‌బోర్డ్ సౌండ్ లోపల్లోపల యూఎస్‌బీ దారిలో కలిపి ఉంటుంది. పీసీఐ జాబితాలో దాని కోసం వెతికితే జన్మలో దొరకదు. ఎల్‌ఎస్‌యూఎస్‌బీ కొట్టి చూడాలి. దాని డ్రైవర్ వేరు, ఎస్‌ఎన్‌డీ యూఎస్‌బీ ఆడియో.

ఇప్పుడు రెండో జబ్బు. ఆడియో లైన్ ఉంది, కింద డ్రైవర్ పేరు మాత్రం లేదు. మీరు ఆల్సా ఫైల్లో లైన్లు చేర్చానన్నారు కాబట్టి ముందు అక్కడికి వెళ్లండి. ఈటీసీ ఫోల్డర్ కింద మాడ్‌ప్రోబ్ డాట్ డీ అన్న ఫోల్డర్ ఉంది. దాన్లో ఆల్సా బేస్ ఫైల్లో మీరు చేర్చినవి అన్నీ తీసేయండి. ఆ లైన్లు సాధారణంగా ల్యాప్‌టాపుల కోసం రాసినవి. ఉదాహరణకి డీఎస్‌పీ డ్రైవర్ అని ఒక ఆప్షన్ ఉంది, దానికి అంకెలు వేస్తారు. 1 అంటే పాత హెచ్‌డీఏ డ్రైవరే నడపాలని, 3 అంటే ఎస్ఓఎఫ్ అన్న కొత్త డ్రైవరే నడపాలని. డిజిటల్ మైకులున్న ల్యాప్‌టాపులకి ఆ కొత్త డ్రైవర్ కావాలి. మీ డెస్క్‌టాప్‌లో 3 అని పెట్టారంటే, మీకు పనికొచ్చే పాత డ్రైవర్ నాది కాదు ఈ పని అని మర్యాదగా తప్పుకుంటుంది, కార్డు మాయమవుతుంది. మీరు పెట్టిన నాలుగు లైన్లలో అది ఉందేమో చూడండి. ఉంటే మన వెతుకులాట ఇక్కడితోనే అయిపోవచ్చు.

తీసేటప్పుడు ఒక జాగ్రత్త. ఆ ఫైళ్లలో ముందు నుంచే ఉన్న లైన్లు కొన్ని భయపెడతాయి. ఎస్‌ఎన్‌డీ పీసీఎస్‌పీ అన్నది బ్లాక్‌లిస్ట్‌లో ఉంటుంది, కొన్నిటి పక్కన ఇండెక్స్ మైనస్ 2 అని ఉంటుంది. అవి ఉండాల్సినవే. పీసీఎస్‌పీ అంటే మిషన్ ఆన్ కాగానే బీప్‌మనే బుల్లి స్పీకర్, అది మొదటి సౌండ్ కార్డుగా కూర్చోకూడదని ఆపుతారు. బ్లాక్‌లిస్ట్ అన్న మాట కనబడగానే అన్నీ చెరిపేసి ఇంకో గోల తెచ్చుకున్నవాళ్లు ఉన్నారు. హెచ్‌డీఏ ఇంటెల్ పేరు బ్లాక్‌లిస్ట్‌లో ఉంటేనే తీయండి. మార్చాక సుడో (అడ్మిన్ అధికారంతో నడపమని చెప్పే మాట), ఖాళీ, అప్‌డేట్ హైఫన్ ఇనిట్‌ర్యామ్‌ఎఫ్ఎస్ (ఈ హైఫన్‌కి ముందూ వెనకా ఖాళీ లేదు), ఖాళీ, హైఫన్ యూ అని కొట్టి రీస్టార్ట్ చేయండి. ఈ కమాండ్ మర్చిపోతే బూట్ మొదట్లో వాడే పాత నకలులో ఆ లైన్లు అలాగే మిగిలిపోయే ప్రమాదం ఉంది, నేను మార్చాను కదా అని మీరు తలపట్టుకుంటారు.

లైన్లు తీసినా డ్రైవర్ రాకపోతే, అసలు డ్రైవర్ ఫైలు డిస్కులో ఉందా అని చూడాలి. మాడ్‌ఇన్ఫో అని కొట్టి, ఖాళీ వదిలి, ఆ డ్రైవర్ మూడు ముక్కల పేరు రాయండి. మాడ్యూల్ దొరకలేదు అంటే దొంగ దొరికినట్టే. మింట్ 22 వాడేది ఉబుంటు 24.04 కెర్నల్. ఉబుంటు వాళ్లు కెర్నల్ మాడ్యూళ్లని రెండు ప్యాకేజీలుగా విడగొట్టారు. సౌండ్ డ్రైవర్లు ఉండేది రెండోదాంట్లో, లినక్స్ మాడ్యూల్స్ ఎక్స్‌ట్రా అన్న ప్యాకేజీలో. పేరులో ఎక్స్‌ట్రా ఉంది కదా, అనవసరం అనుకుని జనం తీసేస్తుంటారు. గిండీలో ఒక చిన్న ఆఫీసులో డిస్కు నిండిపోయిందని ఒక కుర్రాడు పాత కెర్నళ్లు తీసేస్తూ దాన్ని కూడా తీసేశాడు. మర్నాడు ఆ మిషన్‌కి సౌండ్ లేదు, వైఫై కూడా లేదు. సౌండ్‌తో పాటు వైఫై కూడా పోయిందని ఎవరైనా అంటే నేను ముందు దీన్నే చూస్తాను. యునేమ్ హైఫన్ ఆర్ కొడితే మీ కెర్నల్ నంబర్ వస్తుంది. సాఫ్ట్‌వేర్ మేనేజర్‌లోనో సినాప్టిక్‌లోనో లినక్స్ మాడ్యూల్స్ ఎక్స్‌ట్రా పక్కన సరిగ్గా అదే నంబర్ ఉన్న ప్యాకేజీ వేయండి. ఒక్క అంకె తేడా ఉన్నా అది వేరే కెర్నల్‌ది, మీకు పనికిరాదు.

ఇక మూడోది, నాకు బాగా ఇష్టమైనది, జనం బాగా తప్పుపడేది. లైన్ ఉంది, డ్రైవర్ ఉంది, అయినా కార్డు లేదు. ఇప్పుడు కెర్నల్ డైరీ చదవాలి. సుడో పెట్టి డి, ఎం, ఇ, ఎస్, జి అక్షరాలు కలిపి కొట్టండి, వచ్చినదాంట్లో హెచ్‌డీఏ అన్న మాట ఉన్న లైన్లు చూడండి. నో కోడెక్స్ ఫౌండ్ అని ఉంటే కంట్రోలర్ పిలిచింది, తీగ మీద ఎవరూ పలకలేదు. ప్రోబ్ ఎర్రర్ అని ఉంటే ఎవరో పలికారు గానీ మాట తేడాగా ఉంది. ఈ రెంటికీ మొదటి మందు నేను పైన చెప్పిన కేబుల్ పీకే పనే. రెండోది విండోస్‌లో ఫాస్ట్ స్టార్టప్ ఆపడం. మూడోది బయోస్‌లో డిఫాల్ట్ సెట్టింగులు ఎక్కించి మళ్లీ చూడడం. ఓవర్‌క్లాక్ ఏదైనా చేసి ఉంటే అదీ పోతుంది.

మీ బోర్డులో ఇంకో తమాషా ఉంది. ఆరో తరం ఇంటెల్‌లో హెచ్‌డీఎంఐ సౌండ్‌కి వేరే కంట్రోలర్ లేదు. ఒకే కంట్రోలర్ మీద రెండు కోడెక్‌లుంటాయి. ఒకటి రియల్‌టెక్, రెండోది ప్రాసెసర్ లోపలి హెచ్‌డీఎంఐ. కాబట్టి రేపు మీకు కార్డు కనబడి, అందులో హెచ్‌డీఎంఐ మాత్రమే ఉంటే, బాగుపడిందని సంబరపడకండి. ప్రాక్, ఏసౌండ్, కార్డ్0 అన్న దారిలో కోడెక్ అన్న పేరుతో మొదలయ్యే ఫైళ్లుంటాయి. ఒక్కోదాని మొదటి లైన్‌లో కోడెక్ పేరు రాసి ఉంటుంది. రియల్‌టెక్ ఏఎల్‌సీ887 అన్న పేరు అక్కడ లేకపోతే, కేబుల్ పీకి పెట్టినా, లైవ్ పెన్‌డ్రైవ్‌తో చూసినా, విండోస్‌లో కూడా రాకపోతే ఆ చిప్ పోయినట్టే. కరెంటు హెచ్చుతగ్గులకో, స్పీకర్ పిన్ను లాగుతూ గుచ్చుతూ ఉన్నప్పుడు ఒంట్లోంచి పాకిన స్టాటిక్‌కో ఇవి పోతాయి. ఆ చిప్ మార్పించడం ఆ ధరలో దండగ. దానికి దారి ఆఖర్న చెబుతాను.

ఏప్లే ఇప్పుడు కార్డు చూపిస్తోంది, డమ్మీ అవుట్‌పుట్ మాత్రం అలాగే ఉంది అనుకుందాం. ఇప్పుడొచ్చింది పైప్‌వైర్ వంతు. పీఏసీటీఎల్ ఇన్ఫో కొడితే సర్వర్ పేరు వస్తుంది. పల్స్ ఆడియో ఆన్ పైప్‌వైర్ అని ఉండాలి. ఉత్త పల్స్ ఆడియో అని ఉంటే మీరు వేసినదే నడుస్తోంది. పైప్‌వైర్ హైఫన్ ఆడియో (మధ్యలో ఖాళీ లేదు), వైర్‌ప్లంబర్ అన్న రెండు ప్యాకేజీలు ఏపీటీ (ప్యాకేజీలు వేసే కమాండ్) తో వేయండి, పల్స్ ఆడియోని అదే తీసేస్తానంటుంది. వై నొక్కే ముందు తీసేయబోయే వాటి జాబితా చదవండి. అందులో సినమన్ (మింట్ డెస్క్‌టాప్ పేరు) అనో మింట్ మెటా అనో పేర్లు కనబడితే ఎన్ నొక్కి ఆగిపోయి నాకు చూపించండి, లేకపోతే రేపు డెస్క్‌టాపే ఉండదు. సరిగ్గా అయ్యాక లాగౌట్ కొట్టి రండి. అప్పటికీ రాకపోతే వేరే యూజర్ ఒకణ్ని తయారుచేసి అందులో చూడండి. అక్కడ వస్తే మీ హోమ్ ఫోల్డర్‌లో పాత సెట్టింగులు పాడైనట్టు. డాట్ లోకల్, స్టేట్ కింద వైర్‌ప్లంబర్ ఫోల్డర్ పేరు మార్చేస్తే అది కొత్తది తయారుచేసుకుంటుంది.

పీఏవీయూ కంట్రోల్ అన్న ప్రోగ్రామ్ వేసుకుంటే దాని చివరి ట్యాబ్‌లో కార్డు పక్కన ఆఫ్ అని ఉందేమో కూడా చూడొచ్చు. ఆఫ్‌లో ఉంటే అనలాగ్ స్టీరియో డ్యూప్లెక్స్‌కి మార్చండి. పోయినవారం ఒకావిడకి ఇంతే, మొత్తం వ్యవహారం ఒక్క క్లిక్కు.

కార్డు ఉంది, స్పీకర్ పేరు వచ్చింది, చెవికి మాత్రం ఏమీ వినబడదు. ఇది వేరే ఊరి కథ అయినా మీ బోర్డుకి ఇది కూడా రావచ్చు. ఆల్సామిక్సర్ తెరిచి, ఎఫ్6 నొక్కి అసలు కార్డుని ఎంచుకోండి. కింద ఎంఎం అని ఉన్న గొట్టాలు నోరు మూసి ఉన్నట్టు, ఎం నొక్కితే తెరుచుకుంటాయి. కుడివైపు చివరికి వెళ్తే ఆటోమ్యూట్ మోడ్ అని ఉంటుంది. ముందు ప్యానెల్‌లో హెడ్‌ఫోన్ గుచ్చితే వెనక స్పీకర్ ఆగాలన్నది దాని పని. చెన్నై ఉప్పుగాలికి ముందు ప్యానెల్ జాక్‌లు చిలుం పట్టి, ఏమీ గుచ్చకపోయినా గుచ్చినట్టే చెబుతాయి. పాత క్యాబినెట్ అయితే దాని ఏసీ97 తీగని హెచ్‌డీ పిన్నుల మీద పెట్టినా ఇదే గోల, బయోస్‌లో ఫ్రంట్ ప్యానెల్ టైప్ రాసిపెట్టుకోమన్నది ఇందుకే. ఆటోమ్యూట్ మోడ్‌ని డిసేబుల్డ్ చేసి చూడండి. వచ్చిందంటే క్యాబినెట్ తెరిచి బోర్డు మీద ఎఫ్ ఆడియో అన్న కనెక్టర్ పీకేయండి. నాన్నగారు ముందు నుంచి హెడ్‌ఫోన్ పెట్టుకోకపోతే ఆ తీగతో పనే లేదు.

చిప్ పోయిందని తేలితే రిచీ స్ట్రీట్‌లో యూఎస్‌బీ సౌండ్ కార్డు కొనండి, కొన్ని వందల్లో వస్తుంది. వేలెడంత ఉంటుంది, ఒక ఆకుపచ్చ రంధ్రం, ఒక గులాబి రంధ్రం. డ్రైవర్ సీడీ ఇస్తానంటే వద్దని చెప్పండి. యూఎస్‌బీ ఆడియో ప్రమాణానికి కట్టుబడినవన్నీ లినక్స్ తనే గుర్తుపడుతుంది. ముందు యూఎస్‌బీ రంధ్రంలో కాకుండా వెనక, బోర్డు మీదున్న దాంట్లో గుచ్చండి, ముందు తీగల్లో బుర్రుమనే చప్పుడు ఎక్కువ. 7.1 అని అట్ట మీద రాసినవాటికి ఎక్కువ డబ్బులు పెట్టకండి, స్పీకర్లు రెండే కదా.

ఇవేమీ చేయకముందు నాకు ఎల్‌ఎస్‌పీసీఐ ఎన్‌ఎన్‌కే ఫలితమూ, కెర్నల్ డైరీలో హెచ్‌డీఏ ఉన్న లైన్లూ, మీరు ఆల్సా ఫైల్లో చేర్చిన ఆ నాలుగు లైన్లూ పంపండి. స్క్రీన్‌ని ఫోన్‌తో ఫొటో తీస్తే అక్షరాలు కనబడటం లేదు, టెర్మినల్‌లోంచి కాపీ చేసి అతికించండి. కేబుల్ పీకే పని మాత్రం నా జవాబు కోసం ఆగకుండా ఇవాళే చేయండి.